కరెంటు పోతే ఏం కాలేదు, వచ్చినప్పుడే అయింది

మా ఇంట్లో నీళ్ళ మోటారు, గేటు లైటు, అమ్మ గదిలో లైటూ ఫ్యానూ ఒక చిన్న పెట్టె చేతిలో ఉన్నాయి. అది రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటరు, దాంట్లో ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు. మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మ మేడ మీదికెక్కి ట్యాంకు చూసుకోలేకపోతోందని తమ్ముడు 2025 సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు పెట్టిపోయాడు. వేసవి దాకా దానివైపు తిరిగి చూడాల్సిన పని పడలేదు. ఆ తర్వాత అనంతపురంలో సాయంత్రం గాలి లేస్తే కరెంటు పోయే రోజులు మొదలయ్యాయి. ఏప్రిల్ చివర్నుంచి జూన్ మూడో వారం దాకా జరిగింది వరసగా రాస్తున్నా. ఇలాంటివి బిగించడం ఎలాగో చెప్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. కరెంటు పోయి వచ్చాక వాటి గతి ఏమిటో చెప్పేవి నాకైతే దొరకలేదు. నేను ఇంట్లో కూర్చుని జీఎస్‌టీ రిటర్నులు వేసే మనిషిని. కంప్యూటరంటే బెదురు లేదు గానీ ఈ విద్య నాకు కొత్త.

మొదటి దెబ్బ ఏప్రిల్ 24, గురువారం తెల్లవారుజామున. మా వీధికి పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నీళ్ళు రోజు విడిచి రోజు సంపులోకి వస్తాయి. అక్కడి నుంచి మోటారు పైకెక్కిస్తుంది. ట్యాంకులో సెన్సరు ఏమీ లేదు. 5.30కి మోటారు వెయ్యి, ఇరవై నిమిషాలు ఆగు, ఆపెయ్యి, అంతే తమ్ముడు రాసిపెట్టింది. ఆ రోజు 5.40 ప్రాంతంలో కరెంటు పోయింది. ఆరుంపావుకి వచ్చింది. ఏడు కావస్తుండగా పక్కింటావిడ గోడ మీంచి కేక: "అక్కా, మీ ట్యాంకు పొర్లుతా ఉండాది, నీళ్ళన్నీ మా గోడెమ్మటే కారుతా ఉండాయి!"

ఈ ఊళ్ళో నీళ్ళు వీధిపాలు చేయడం కంటే తలవంపు ఇంకోటి ఉండదు. పరుగెత్తి ఫోన్ తీస్తే నన్ను బెంబేలెత్తించింది ఇదీ: తెర మీద అన్నీ సవ్యంగా ఉన్నాయి. పెట్టె బతికే ఉంది. 'మోటారు: ఆన్' అని నిదానంగా చూపిస్తోంది. ఆఫ్ నొక్కితే మర్యాదగా ఆగింది కూడా. చెడిపోయి ఉంటే చెడిపోయిందనుకుని ఊరుకోవచ్చు, ఇది బాగానే ఉండి ఇంత పని చేసింది.

తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు లాగ్, అంటే పెట్టె రాసుకునే పనుల చిట్టా, తియ్యమన్నాడు. పెట్టె ఉండేది ఇన్వర్టరు లైన్లోనే, అయినా 5.41కి హోమ్ అసిస్టెంట్ మళ్ళీ మొదలైనట్టు ఒక లైను ఉంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. 'ఇరవై నిమిషాలు ఆగు' అన్న మాట ఆ పెట్టె జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. మధ్యలో రీస్టార్ట్ అయిందా, ఎక్కడ ఆగిందో, తర్వాత ఏం చెయ్యాలో దానికి గుర్తుండదు. తప్పిపోయిన పనిని మళ్ళీ ఎత్తుకోదు. మరోవైపు మోటారు దగ్గరున్న వైఫై రిలే, అంటే పెట్టె చెప్తే మోటారును వేసి ఆపే స్విచ్చు. కరెంటు వచ్చాక ఏం చెయ్యాలన్న చోట దాంట్లో 'పోయినప్పుడు ఎలా ఉందో అలా' అని ఉంది. పోయినప్పుడు ఆన్‌లో ఉంది కాబట్టి ఆరుంపావుకి బుద్ధిగా ఆన్ అయింది. ఆపాల్సినవాడు మర్చిపోయాడు, వెయ్యాల్సినవాడు మర్చిపోలేదు. దేనికదే సక్రమంగా పనిచేసింది, రెండూ కలిసి ట్యాంకు పొంగించాయి.

దీనికి మందు పది నిమిషాల పనే. రిలే సెట్టింగుల్లోకి వెళ్ళి కరెంటు వచ్చాక ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండేలా మార్చాం. ఆన్ అయిన 25 నిమిషాలకు దానంతటదే ఆగిపోయే టైమరు కూడా ఆ రిలేలోనే ఉంది, అదీ పెట్టాం. అంటే పెట్టె చచ్చినా, వైఫై పోయినా, మోటారు మాత్రం ఆగుతుంది. ఇది ఒక్కటి మాత్రం ఇలాంటివి పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఈ రోజే చూసుకోండి. మోటారు, గీజరు లాంటివాటిని ఆపే బాధ్యత స్విచ్చు దగ్గరే ఉండాలి, ఎక్కడో హాల్లో ఉన్న పెట్టెకు వదిలెయ్యకూడదు. నాన్న అంతటితో ఆగక మూడొందలు పెట్టి ఫ్లోట్ స్విచ్ తెచ్చి ట్యాంకులో వేలాడదీశారు. నిండితే లైను తెగిపోతుంది. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

అదే వారంలో రాత్రి రెండున్నరకు కరెంటు వస్తే ఇంట్లో స్మార్ట్ బల్బులన్నీ ఒక్కసారిగా వెలిగి అందర్నీ లేపాయి. వాటికీ అదే సెట్టింగు. ఒక బల్బుకు మాత్రం ఆ సౌకర్యమే లేదు, దాన్ని తీసి స్టోర్ రూములో పెట్టాను.

మే 4, ఆదివారం. అసలు గాలివాన అది. వేపకొమ్మ విరిగి తీగల మీద పడిందన్నారు. కరెంటు పోయింది, వచ్చింది, పోయింది, నిమిషంలోపలే ఇలా దోబూచులాడి చివరికి పూర్తిగా పోయింది. రాత్రి పదకొండు దాటాక వచ్చింది. ఈసారి ఫోన్‌లో ఏమీ తెరుచుకోలేదు. పెట్టె మీద ఎర్ర దీపం నిలకడగా ఉంది. కార్డు చదువుతున్నప్పుడల్లా మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ దీపం ఉండుండి ఒకసారి మెరిసి ఆగిపోతోంది. గోడ స్విచ్చులు పనిచేస్తున్నాయి కాబట్టి ఇల్లు చీకటి కాలేదు. తమ్ముడు రిలేలన్నీ పాత స్విచ్చుల వెనకే పెట్టినందుకు ఆ రాత్రి వాడికి మనసులోనే దండం పెట్టుకున్నా.

లోపల ఏం జరుగుతోందో చూడాలంటే టీవీకి తగిలించాలి. ఇక్కడో చిన్న చిక్కు. రాస్ప్‌బెర్రీ పై 4కి టీవీ తగిలించడానికి ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ. మామూలుది పట్టదు, మినీ అనేది ఇంకోటి ఉంది, అదీ పట్టదు. సుభాష్ రోడ్డులో అడిగిన ప్రతి కొట్టులోనూ మినీ చేతిలో పెట్టి "ఇదే మేడం, ఇదే" అంటారు. టవర్ క్లాక్ దాకా తిరిగి, చివరికి ఆన్‌లైన్‌లో 250 రూపాయలకు ఆర్డరు పెట్టాను. బుధవారానికి వచ్చింది. ఆ మధ్య రోజుల్లో మోటారు నేనే వేసి, గడియారం చూసుకుంటూ నేనే ఆపాను. అమ్మ మాత్రం మంచం మీంచే, "ఆ పెట్టె లేనప్పుడు ఈ ఇంట్లోకి నీళ్ళు రాలేదా ఏం?" అంటోంది. మీరు కూడా ఇలాంటి పెట్టె పెట్టుకుంటే ఆ కేబులు ఒకటి ముందే కొని డ్రాయరులో పెట్టుకోండి. అవసరమైన రోజు మన ఊళ్ళో దొరకదు.

టీవీ మీద లైన్ల వెంట లైన్లు పరుగెత్తాయి. సగం నాకు అర్థం కాలేదు. కానీ 'ఐ/ఓ ఎర్రర్' (చదవడం, రాయడం కుదరట్లేదని) అన్న మాట పదే పదే వస్తోంది, ప్రతిసారీ మెమొరీ కార్డు పేరు పక్కనే. ఫోటో తీసి పంపితే తమ్ముడు, "అక్కా, కార్డు పాయె," అన్నాడు. ఎందుకు పోయిందో కూడా చెప్పాడు. హోమ్ అసిస్టెంట్ ఇంట్లో ప్రతి మార్పునూ డేటాబేసులో రాస్తూ ఉంటుంది. మామూలు సెట్టింగులో అయిదు సెకన్లకోసారి కార్డు మీదికి రాస్తుంది. మా మోటారు రిలే కరెంటు, వోల్టేజీ కూడా కొలుస్తుంది, ఆ అంకెలన్నీ అందులోకే. రాస్తుండగా కరెంటు తెగితే ఆ రాత ముక్కలవుతుంది. నిమిషంలో నాలుగైదుసార్లు తెగితే చిన్న కార్డు ఎంతకని తట్టుకుంటుంది?

కొత్త కార్డు మాత్రం ఊళ్ళోనే దొరికింది. సీసీ కెమెరాలు అమ్మే కొట్లో అడిగితే ఎండ్యూరెన్స్ రకం ఇచ్చారు, రాత్రింబవళ్ళు రాసే కెమెరాల కోసం చేసింది. 950 అయింది. ఫోన్‌లో వేసుకునేది అయితే అందులో సగానికే వస్తుంది గానీ ఇలాంటి పనికి ఇదే నయం. ల్యాప్‌టాప్‌లో హోమ్ అసిస్టెంట్ ఇమేజ్ ఫైలు దింపుకుని కార్డులోకి ఎక్కించి, పెట్టెలో పెట్టి ఆన్ చేస్తే 'సిద్ధమవుతోంది, ఇరవై నిమిషాల వరకు పట్టవచ్చు' అని రాసింది. మా ఇంటర్నెట్‌కు ఇంకాస్త ఎక్కువే పట్టింది.

బ్యాకప్ ఉంది, గూగుల్ డ్రైవ్‌లో. తమ్ముడి ముందుచూపు అది. చాలామంది కార్డులోనే బ్యాకప్ ఉంచుకుంటారట, కార్డుతో పాటే అదీ పోతుంది. ఫైలు దింపుకుని ఇచ్చాను. అప్పుడు అది తాళంచెవి అడిగింది. 2025 జనవరి వెర్షన్ నుంచి ఆటోమేటిక్ బ్యాకప్‌లకు ఎన్‌క్రిప్షన్ కీ అని ఒకటి ఉంటోంది. మొదటిసారి పెట్టుకునేటప్పుడు 'ఎమర్జెన్సీ కిట్' పేరుతో ఒక చిన్న ఫైలు దింపుకోమంటుంది. అందులో పొడవాటి అక్షరాల వరస. అది లేకపోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఎవరైనా ఆ ఫైలును దింపుకుని మర్చిపోతారు, మళ్ళీ దాని అవసరం పడుతుందని ఎవరికి తెలుసు? తమ్ముడు ఆ రాత్రి ఆఫీసు షిఫ్టులో ఉన్నాడు. పొద్దున ఎనిమిదికి ఇంటికెళ్ళి తన పాత మెయిళ్ళలో వెతికి పంపేదాకా నాకు నిద్ర పట్టలేదు. కీ వచ్చాక ముప్పావు గంటలో అన్నీ తిరిగొచ్చాయి. జిగ్‌బీ (వైర్లు లేకుండా పెట్టెతో మాట్లాడే పద్ధతి) సెన్సర్లను మళ్ళీ ఒక్కొక్కటీ జత చెయ్యాలేమోనని భయపడ్డాను గానీ ఆ అవసరం రాలేదు. వాటి సంబంధం యూఎస్‌బీకి గుచ్చిన జిగ్‌బీ స్టిక్‌లో, బ్యాకప్‌లో ఉంది. ఆ కీని ఇప్పుడు కాగితం మీద అచ్చు వేయించి గ్యాస్ బుక్కు, రేషన్ కార్డు ఉండే కవరులో పెట్టాను.

పది రోజులు బాగానే గడిచాయి. మే 17, శనివారం సాయంత్రం మళ్ళీ కరెంటు పోయొచ్చింది, ఫోన్‌లో మళ్ళీ 'కనెక్ట్ కాలేకపోతున్నాం'. గుండె జారింది. కానీ ఆకుపచ్చ దీపం చక్కగా మిణుకుమంటోంది. టీవీకి తగిలించాను, ఈసారి కేబులు ఉంది కదా. పెట్టె నిక్షేపంలా నిలబడి ఇంటి వైఫైలో తన చిరునామా నంబరు చూపిస్తోంది: చివర 112. నా ఫోన్‌లో ఉన్నది 105. రౌటరు కూడా కరెంటుతో పాటే ఆగి మొదలవుతుంది. లేచాక పాత పంపకం మర్చిపోయి, ఎవరు ముందు పలకరిస్తే వాళ్ళకు ఒక నంబరు ఇచ్చేసింది. పెట్టెకు ఎప్పుడూ ఒకటే నంబరు ఇవ్వమని రౌటరులో రాసిపెడితే సరిపోతుంది. కానీ ఆ రౌటరు ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళది, పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఫిర్యాదు పెడితే, 'నెట్ వస్తోంది కదా మేడం' అని మూసేశారు. ఇంకోసారి పెడితే మళ్ళీ అదే. చివరికి మా వీధిలో తీగలు లాగే కుర్రాడినే పట్టుకున్నాను. అయిదు రోజుల తర్వాత వచ్చి, పాస్‌వర్డు చెప్పకుండా తనే అయిదు నిమిషాల్లో చేసి, కాఫీ తాగి పోయాడు.

ఆ కాఫీ పూటే నాన్న రంగంలోకి దిగారు. ఆయన ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా 'మీ కంప్యూటరు గొడవ నాకెందుకు' అన్నట్టే ఉన్నారు. టీవీలో 'అండర్‌వోల్టేజ్ డిటెక్టెడ్' అన్న లైను కనబడగానే కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"పాపా, ఇది యాడి చార్జరు?"

"ఫోన్‌దే నాన్నా, తమ్ముడు పెట్టిపోయినాడు."

"లోడు మీద ఎంతుందో ఎవురైనా సూసినారా?"

ఎవరూ చూడలేదు. మల్టీమీటరు తెచ్చి బోర్డు మీది పిన్నుల దగ్గర పట్టారు, 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండుకీ మధ్య. 4.7. పెట్టె పని ఎక్కువైనప్పుడు ఇంకా కిందికి. 4.63 వోల్టుల ప్రాంతానికి పడితే ఈ బోర్డు తక్కువ వోల్టేజీ అని హెచ్చరిస్తుంది. దానికి కావలసింది 5.1 వోల్టులు, 3 యాంపులు. ఫోన్ చార్జరు, దానికి తోడు సన్నటి పొడుగు కేబులు, దారిలోనే వోల్టేజీ తినేస్తున్నాయి. అసలు కంపెనీ అడాప్టరు 750కి తెప్పించాం. హెచ్చరిక పోయింది.

నాన్న అక్కడితో వదల్లేదు. "కరెంటు పొయ్యేదానికి ఏం కాదు పాపా. వచ్చేటప్పుడే తన్నేది. వీధిలో ఫ్రిజ్జులు, ఏసీలు, మోటార్లు అన్నీ ఒక్కపారే లాగుతాయి. బస్సుకు సెల్ఫ్ కొడితే లోపల లైట్లు డిమ్మవుతాయే, అట్ల." ఆయన అన్నది అక్షరాలా నిజమని మోటారు రిలే రాసిపెట్టిన వోల్టేజీ గ్రాఫులోనే కనబడింది. మామూలుగా 220కి అటూ ఇటూ ఉండేది కరెంటు వచ్చిన మొదటి నిమిషాల్లో 160కి పడి, మెల్లగా లేచి, కొన్నిసార్లు మళ్ళీ తెగి వస్తోంది.

మరి పెట్టె ఇన్వర్టరు లైన్లోనే ఉంది కదా, దానికి ఇదంతా ఎందుకు తగులుతోంది? నాకూ అదే ప్రశ్న. నాన్న నన్ను పెట్టె దగ్గర నిలబెట్టి మెయిన్ ఆపారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ట్యూబ్‌లైటు ఒక్క క్షణం మూసి తెరిచింది, పెట్టె రీస్టార్ట్. మెయిన్ వేశారు, మళ్ళీ రీస్టార్ట్. ఇన్వర్టరు వెనక చిన్న స్విచ్ ఉంటుంది, దుమ్ము పట్టి ఎవరికీ కనబడదు: ఒకవైపు నార్మల్, ఇంకోవైపు యూపీఎస్. నార్మల్‌లో ఉంటే బ్యాటరీకి మారడానికి పట్టే ఆ కాసింత సేపు ఫ్యానుకు తెలియదు, కంప్యూటరుకు తెలుస్తుంది. అంటే ప్రతి కరెంటు కోతకూ మా పెట్టె రెండుసార్లు చచ్చి బతుకుతోందన్నమాట. ఏప్రిల్‌లో 5.41కి లాగ్‌లో కనిపించిన రీస్టార్ట్ అదే.

స్విచ్ యూపీఎస్ వైపు తిప్పాం. ట్యూబ్‌లైటు కూడా కదల్లేదు. గెలిచామనుకున్నాం.

రెండు రోజులు కూడా కాలేదు. మే చివరి వారంలో ఒక రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది, ఇన్వర్టరు అరగంటలో కూత పెట్టి ఆగిపోయింది. మామూలుగా నాలుగు గంటలు లాగే బ్యాటరీ అది. కారణం పొద్దున ఇన్వర్టరు బుక్కు చదివితే గానీ తెలియలేదు. యూపీఎస్ మోడ్‌లో అది లైను వోల్టేజీ 180 కంటే తగ్గితే ఒప్పుకోదు, బ్యాటరీ మీదికి వెళ్ళిపోతుంది. నార్మల్‌లో అయితే వందదాకా సర్దుకుంటుంది. ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో 170 అటూ ఇటూ. అంటే కరెంటు ఉండగానే ఏడింటి నుంచి బ్యాటరీ ఖర్చవుతూ ఉంది, మాకు తెలియలేదు. అసలు అవసరమైన వేళకు ఖాళీ.

ఆ తెల్లవారి ఇంకో వింత. కరెంటు నాలుగున్నర దాటాక వచ్చింది, కానీ వీధి చివర ఇంటర్నెట్ పెట్టె ఇంకా లేవలేదు. ఎనిమిదిన్నరకు పాలప్యాకెట్లకు బయటికి వెళ్తే గేటు లైటు వెలుగుతూనే ఉంది. తొమ్మిది కావస్తుంటే మోటారు దానంతటది మొదలైంది, 5.30ది. రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీ మీద నడిచే గడియారం ఉండదు. లేచిన వెంటనే ఇంటర్నెట్‌ను అడిగి టైము దిద్దుకుంటుంది. నెట్ లేకపోతే పడుకునేముందు చూసిన టైము నుంచే లెక్క పెట్టుకుంటూ పోతుంది. రాత్రి మూడు గంటలు పైగా చచ్చి ఉంది కాబట్టి మూడు గంటలు పైగా వెనకబడింది. దాని లెక్కలో అది ఇంకా తెల్లవారుజామే. అమ్మ ఈ ఒక్కదానికి మాత్రం పడీపడీ నవ్వింది.

ఇన్వర్టరును మళ్ళీ నార్మల్‌కు తిప్పేశాం. పెట్టెకు వేరే దారి చూడాలి. నా దగ్గరున్న పవర్‌బ్యాంకు మధ్యలో పెట్టి చూశాను, చార్జరు తీసినప్పుడు, పెట్టినప్పుడు అది రెప్పపాటు సరఫరా ఆపుతోంది. మా పెట్టెకు ఆ రెప్పపాటే చాలు. రౌటరు కోసం అమ్మే చిన్న యూపీఎస్ 1,450కి కొన్నాం, 12 వోల్టులది, రౌటరుకు భేషుగ్గా ఉంది. కానీ దాని యూఎస్‌బీ వైపు నుంచి పెట్టెకు చాలినంత కరెంటు రాదు, హెచ్చరిక మళ్ళీ వచ్చింది.

చివరికి నాన్నే చేశారు. 12 వోల్టుల 7 ఏహెచ్ చిన్న బ్యాటరీ ఒకటి, వెయ్యి రూపాయలు. 13.7 వోల్టుల దగ్గర నిలిచే చార్జరు ఎప్పుడూ దానికి తగిలే ఉంటుంది. బ్యాటరీ నుంచి బక్ కన్వర్టరు అనే చిన్న బోర్డు ద్వారా 5.15 వోల్టులు పెట్టెకు. మధ్యలో ఫ్యూజు. చార్జరు 450, బోర్డు 150, ఫ్యూజూ వైర్లూ అరవై. కన్వర్టరు స్క్రూ తిప్పి వోల్టేజీ సరిచేసి, మీటరు మీద చూసుకున్నాకే పెట్టెకు తగిలించాలి, ముందే తగిలిస్తే పెట్టె కాలిపోతుందని రెండుసార్లు చెప్పారు. ఇందులో మారే స్విచ్చంటూ ఏదీ లేదు. పెట్టె ఎప్పుడూ బ్యాటరీ మీదే నడుస్తుంది, కరెంటు ఉన్నంతసేపూ చార్జరు బ్యాటరీని నింపుతూ ఉంటుంది. మెయిన్ ఆపితే పెట్టెకు ఆ సంగతే తెలియదు. ఆరు గంటలు నడిపి చూశాం, ఇంకా నడుస్తుండగానే నాన్న చాలన్నారు. 750 పెట్టి తెప్పించిన అడాప్టరు మాత్రం పని లేక బీరువాలో ఉంది.

అంతకన్నా ఎక్కువసేపు కోత ఉంటే గడియారం మళ్ళీ తప్పుతుంది కాబట్టి డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్క 180కి తెప్పించాం. పిన్నుల మీద గుచ్చడమే, టంకం అక్కర్లేదు. పెట్టె సెట్టింగుల ఫైల్లో ఒక లైను తమ్ముడు దూరం నుంచే రాశాడు.

ఇక మిగిలింది కార్డు. జూన్ రెండో వారంలో తమ్ముడు బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కొన్న 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (కార్డు కంటే ఎక్కువ రాతను తట్టుకునే డిస్కు), దాన్ని యూఎస్‌బీకి కలిపే కేబులు బస్సులో వేసి పంపాడు. రెండూ కలిపి 2,250. హోమ్ అసిస్టెంట్‌లో సిస్టమ్ కింద స్టోరేజ్‌లో 'డేటా డిస్క్ మార్చు' అన్నది ఉంది, నొక్కితే డేటాబేసు అంతా దాని మీదికి పోతుంది. కార్డు ఇక పెట్టె మొదలవడానికి (బూట్) మాత్రమే. అయిదు సెకన్లకోసారి రాయడాన్ని కూడా నిమిషానికి మార్చాను.

అంతా అయిందనుకున్న రాత్రే అమ్మ గది సెన్సరు, గేటు సెన్సరు రెండూ మాయం. బ్యాటరీలు మార్చాను, రాలేదు. మళ్ళీ జత చేశాను, గంటకు మళ్ళీ పోయాయి. తమ్ముడికి కూడా వెంటనే తట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం వాడే ఫోన్ చేసి, "అక్కా, ఎస్‌ఎస్‌డీ పక్కన్నే జిగ్‌బీ స్టిక్ ఉందా?" అన్నాడు. పక్కపక్కనే ఉన్నాయి. యూఎస్‌బీ 3 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల చేస్తాయి, జిగ్‌బీ మాట్లాడేది అక్కడే. 120 రూపాయల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబులుతో స్టిక్‌ను మీటరు దూరం జరిపి, పాత యూఎస్‌బీ 2 రంధ్రంలో గుచ్చితే సాయంత్రానికి రెండూ తిరిగొచ్చాయి. ఇన్ని వారాల తిప్పల్లో నన్ను బాగా విసిగించింది ఇదే, ఎందుకంటే దీనికీ కరెంటుకూ సంబంధమే లేదు.

జూన్ 18 సాయంత్రం పెద్ద గాలి. కరెంటు పోయింది, వచ్చింది, పోయింది. నేను ఫోన్ పట్టుకునే కూర్చున్నా. పెట్టె నడుస్తూనే ఉంది, అదే నంబరు, టైము సరి. మోటారు ఆఫ్‌లోనే ఉంది. నాన్న వచ్చి చూసి, "ఊఁ" అని వెళ్ళిపోయారు. మొత్తం ఖర్చు కేబుళ్ళతో సహా ఎనిమిది వేలకు కాస్త తక్కువ. అప్పట్లో పెట్టె వెలకంటే ఎక్కువే, కానీ అందులో సగం కరెంటు సరిగ్గా ఉండే వీధిలో అక్కర్లేని ఖర్చు.

కానిది ఒకటుంది. అమ్మ గదిలో నోటితో చెప్తే లైటు వేసే స్పీకరుకు ఇంటర్నెట్ కావాలి. మా రౌటరు బతికే ఉన్నా వీధి చివరి పెట్టె కరెంటు పోయిన గంటన్నరకు ఆగిపోతుంది, అప్పుడు ఆ స్పీకరు "క్షమించండి" అని ఊరుకుంటుంది. దాన్ని బాగుచెయ్యడం నా చేతిలో లేదు. మంచం పక్కన అతికించే జిగ్‌బీ బటన్ ఒకటి, ఇంటర్నెట్ అక్కర్లేనిది, ఆర్డరు పెట్టాను. శుక్రవారం వస్తుందట.